చేతులెత్తడం

ఇంటి పన్ను నాలుగొందల పన్నెండు.
దాని కింద, చీమల బారులాంటి అక్షరాల్లో,
గ్రంథాలయ సెస్సు ముప్పై మూడు.
పధ్నాలుగేళ్ళుగా ఈ రసీదులు చింపుతున్నాను.
కాశీబుగ్గ మొత్తంలో ఆ రెండో వరస మీద వేలు పెట్టింది
బమ్మిడి తవిటమ్మ ఒక్కతే.

"ఇదేటి బాబూ?"
పుస్తకాలకి, అన్నాను.
"ఏ పుస్తకాలకి?"

వేలు తియ్యలేదు.
జీడిపిక్కల నూనె తిన్న వేలు,
కొస నల్లగా, నున్నగా, గీతల్లేకుండా.
రేషను మిషను మూడుసార్లు కాదని
నాలుగోసారీ కాదన్న వేలు.

ఏ పుస్తకాలకో నాకు తెలుసు.
రైలు గేటు దాటాక సైకిల్ షాపు వెనక ఒకటే గది.
తుపాను ఎత్తుకుపోయిన రేకుల చోట టార్పాలిన్.
సాయంత్రం నాలుగు నుంచి ఏడు, అంటుంది బోర్డు.
తలుపు తీసేది మాత్రం
సాసుబిల్లి వైకుంఠరావు గారి మోకాళ్ళు ఒప్పుకున్న రోజు.
ఒప్పుకోని రోజు
కానిస్టేబులు పరీక్షకి చదివే కుర్రాళ్ళు
మెట్ల మీదే కూర్చుని
నిన్నటి పేపరు నలుగురూ నాలుగు ముక్కలుగా పంచుకుంటారు.

మరి ఆ ముప్పై మూళ్ళు?
నా సంచిలోంచి ఆఫీసు బీరువాలోకి,
బీరువాలోంచి వీధి లైట్లలోకి, కాలవ పూడికలోకి,
ఎవరో పెద్దాయన వచ్చిన పూట వేసిన షామియానాలోకి.
సైకిల్ షాపు వెనక్కి మాత్రం వాటికి దారి తెలీలేదు.
వైకుంఠరావు గారు అడగ్గా అడగ్గా
ఆఫీసు చేతులెత్తేసింది.
మా ఊళ్ళో చేతులెత్తడమంటే
ఇన్నాళ్ళూ అదొక్కటే అర్థం.

అందుకే వార్డు సభ అనగానే నవ్వొచ్చింది.
ముప్పై మూడుని యాభై చేద్దామా,
ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.
స్కూలు వరండా, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే కుర్చీలు,
వాటి వీపుల మీద ఎవరిదో వధూవరుల స్టిక్కరు.
మూడంతస్తుల పొట్నూరు కామేశం ముందు లేచాడు.
"ఫోన్లో అన్నీ ఉన్నాయి కదండీ, ఇంకా పుస్తకాలేంటండీ?"
సగం మంది తలలూపారు.
తక్కిన సగం ఫోన్లోనే ఉన్నారు.

తవిటమ్మకి మైకు ఎవరూ ఇవ్వలేదు.
ఆవిడ అడగనూ లేదు.
"నాకు సదువు రాదు. మా గుంటకి వచ్చు.
పిక్కల కాడ్నించి నానొచ్చేతలికి ఏడవుతాది.
అందాకా ఆ గుంట ఎక్కడ కూకుంతాది?
యాభై ఇచ్చీస్తాను. అరవై అడిగినా ఇచ్చీస్తాను.
తలుపు తీసుంతాదా, నేదా?
అది సెప్పీసి సెయ్యెత్తమనండి."

ఎవరూ చెప్పలేదు.
కాసేపు చూసి, ఆవిడే ఎత్తింది.
ఆవిడ వెనక బెంచీలోంచి ఒకటి, ఇంకొకటి,
ఒకే నల్లరంగు కొసలు.
కామేశం వెనకా తక్కువేం లేరు.

మినిట్సు పుస్తకం నా ఒళ్ళో ఉంది.
ఒప్పుకున్నవాళ్ళు పద్దెనిమిది, కాదన్నవాళ్ళు పద్దెనిమిది,
మిగిలినవాళ్ళు టీ దగ్గర.
నేను ఉద్యోగిని. ఆ సభలో నాకు చెయ్యి లేదు,
పెన్ను మాత్రమే ఉంది.
పంతొమ్మిది, అని రాశాను.
తప్పే.
ఇప్పటికీ దిద్దలేదు.

ఏప్రిల్లో కొత్త రసీదుల పుస్తకం, కొత్త అంకె.
తవిటమ్మ కొంగు ముడి విప్పి
మాడిన జీడి వాసనేసే నోట్లు లెక్కపెట్టింది.
మిషనుకి అందని వేలిముద్ర
యాభై పక్కన నల్లగా, చక్కగా పడింది.

"తలుపు తీసినారా?"

రేకులు వచ్చాయప్పా, అన్నాను.
గోడకి చేరేసి ఉన్నాయి.
వర్షాల్లోపు ఎక్కిస్తారట.
వైకుంఠరావు గారికి తోడు ఇంకో మనిషిని వేస్తారట.
ఫైలు కదిలిందట.

రసీదు చిల్లుల గీత వెంట సరిగా చిరగలేదు.
వంకరగా వచ్చిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి
ఆవిడ అంది,

"తలుపు తీసినారా అనడిగినాను బాబూ."